టైర్ల కొట్లో మైలేజీ అంటే ఏ మైలేజీ?

రాయగడలోనో జయపురంలోనో టైర్ల కొట్టు ముందు కాసేపు నిలబడితే ఈ మాట వినపడకుండా ఉండదు: "ఇది తీసుకోండి బాబూ, మైలేజీ బాగా వస్తాది." కొనేవాడు తలూపి డబ్బు కడతాడు. రెండు నెలలకి అదే మనిషి తిరిగొచ్చి, "కొత్త టైర్లేయించినాక మైలేజీ పడిపోనాది" అంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. టైర్ల వ్యాపారంలో మైలేజీ అంటే ఆ టైరు అరిగిపోయేలోపు ఎన్ని వేల కిలోమీటర్లు తిరుగుతుందో ఆ లెక్క. కారున్నవాడికి మైలేజీ అంటే లీటరు పెట్రోలుకి ఎన్ని కిలోమీటర్లో ఆ లెక్క. మాట ఒకటే, కొలతలు రెండు.

పైగా ఈ రెండూ చాలాసార్లు ఒకదానికొకటి ఎదురు. ఎక్కువ కాలం మన్నాలంటే ట్రెడ్డు, అంటే రోడ్డుకి ఆనే గాళ్ళ రబ్బరు పొర, మందంగా ఉండాలి. మందమైన ట్రెడ్డు నేలకి ఆనిన ప్రతిసారీ నలిగి, ఒరిగి, మళ్ళీ నిటారవుతుంది. ఆ నలుగుడులో పోయే శక్తి వేడిగా మారిపోతుంది, దాని ఖర్చు పెట్రోల్లోంచే వస్తుంది. అరవై వేలు తిరిగే టైరూ, లీటరుకి కిలోమీటరు ఎక్కువిచ్చే టైరూ ఒకటే అనుకుని కొనడం వల్లే సగం గొడవలు.

ఇకపై నేను మైలేజీ అంటే లీటరు లెక్కే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల రోడ్ల మీద తిరిగే మామూలు కారుకి టైర్లు మార్చి మైలేజీ పెంచుకోవడం కొద్దిగానే సాధ్యం. పోగొట్టుకోవడం మాత్రం చాలా తేలిక. అందుకని కొనే ముందు "ఏ బ్రాండు" అని అడగడం కన్నా "ఏ సైజు, ఎంత బరువు, ఎంత గాలి" అని అడగడం మంచిది.

కొత్త టైరు మీద పడే నింద

పైన చెప్పిన ఫిర్యాదునే తీసుకుందాం. గుండైపోయిన టైర్లు తీసేసి కొత్తవి వేయిస్తే లీటరుకి 20 చూపించిన కారు 19 చూపిస్తుంది. వెంటనే కంపెనీని తిడతాం. కానీ ఏ మంచి కంపెనీ టైరు వేసినా ఇంచుమించు ఇదే జరుగుతుంది. దానికి కారణాలు రెండు.

మొదటిది నిజమైన నష్టం. అరిగిన టైరులో నలిగే రబ్బరే తక్కువ. పూర్తిగా అరిగిన టైరుకి దొర్లుడు నిరోధం, అంటే దొర్లేటప్పుడు టైరు వెనక్కి లాగే బలం, కొత్తదానికన్నా ఇరవై శాతం దాకా తక్కువ ఉంటుంది. దొర్లుడు నిరోధం పది శాతం మారితే ఇంధనం ఒకటి నుంచి రెండు శాతం మారుతుందని లెక్క. ఆ ప్రకారం కొత్త టైరుతో రెండు నుంచి నాలుగు శాతం పోవడం మామూలే.

రెండోది నష్టమే కాదు, మీటరు చూపించే భ్రమ. కొత్త టైరు ట్రెడ్డు లోతు 8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మార్చాల్సిన హద్దు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగిన కొద్దీ చుట్టుకొలత తగ్గి, అదే దూరానికి చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. మీటరు లెక్కపెట్టేది చుట్లనే కాబట్టి పాత టైర్లతో అది ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తూ వచ్చింది. అరిగిన తీరునిబట్టి ఒకటి నుంచి రెండు శాతం తేడా. అంటే ఆ పాత 20లో కొంత అసలు మీరు తిరగనే లేదు.

అందుకే టైరుని నిందించే ముందు కొలత సరిచూడాలి. జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్ళు చూస్తూ, లేదా ఫోన్లో మ్యాపు పెట్టుకుని, యాభై కిలోమీటర్లు నడిపి మీటరుతో పోల్చండి. మీటరు 49 చూపిస్తే ఇకపై మీ ప్రతి లెక్కనీ 50/49తో గుణించాలి. ఇక ట్యాంకు సంగతి. ఒకే బంకులో, బండి ఒకే వైపు నిలబెట్టి, నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగేవరకే నింపించండి. ఆ తర్వాత "ఇంకొంచెం కొట్టు" అనకూడదు. ఇలా మూడు ట్యాంకులైనా, వెయ్యి కిలోమీటర్లైనా అయితేగాని వచ్చిన అంకెని నమ్మకూడదు. ఒక్క ట్యాంకు లెక్కలో వచ్చే పొరపాటే ఐదు శాతం ఉంటుంది. మనం వెతికే తేడా మొత్తం కూడా అంతే.

ఘాటీలో ఎంత, చదునులో ఎంత

"మాది ఘాటీ దారి, మాకు మంచి టైరే కావాలి" అంటారు. మాట నిజమే, కానీ కారణం పెట్రోలు కాదు. వెయ్యి కిలోల కారు అనుకుని ఒక చిన్న లెక్క వేద్దాం.

చదును రోడ్డు మీద టైర్ల దొర్లుడు నిరోధం బరువులో సుమారు నూటికి ఒకటి, అంటే పది కిలోల లాగుడు. గంటకి యాభై వేగంలో గాలి తోపు దాదాపు ఎనిమిది కిలోలు, ఎనభై వేగంలో ఇరవై. ఇప్పుడు సాలూరు దాటి సుంకి మీదుగా పొట్టంగి వైపు ఎక్కుతున్నామనుకోండి. వంద మీటర్లకి ఐదు మీటర్లు లేచే చోట, కారు బరువే యాభై కిలోలతో వెనక్కి లాగుతుంది. ఆ యాభైతో పోలిస్తే టైర్ల వంతు పదే. ఎంత గొప్ప టైరు వేసి అందులో రెండు కిలోలు తగ్గించినా, ఎక్కుడులో తేడా మూడు శాతానికి మించదు.

అదే గుణుపురం నుంచి రాయగడ వైపు నలభై, యాభై వేగంతో పోయే దారిలో చదునుగా ఉన్న చోట్ల టైరు వంతు మొత్తం లాగుడులో సగం పైనే. నాలుగు వరుసల రహదారి మీద బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు ఎనభై, తొంభై వేగంలో పోతుంటే గాలి తోపుది పైచెయ్యి, టైరు వంతు మూడోవంతుకి దిగుతుంది. కాబట్టి మైలేజీ టైరు ఎక్కువగా పనికొచ్చేది రహదారి మీద దూసుకెళ్ళేవాళ్ళకి కాదు, ఊళ్ళ మధ్య నెమ్మదిగా తిరిగేవాళ్ళకి. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

ఒక జాగ్రత్త: లాగుడులో పదో వంతు తగ్గితే పెట్రోలూ పదో వంతు తగ్గుతుందని అర్థం కాదు. ఇంజను లోపలి రాపిడికీ, బండి నిలబడి ఉన్నప్పుడు కాలేదానికీ టైరుతో సంబంధం లేదు. అందుకే చివరికి మిగిలేది ఆ రెండు నుంచి నాలుగు శాతమే. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే, లీటరుకి 18 ఇచ్చే కారు తాగేది దాదాపు 667 లీటర్లు. అందులో మిగిలేది 13 నుంచి 27 లీటర్లు. లీటరు వంద రూపాయల లెక్కన నాలుగేళ్ళ టైరు జీవితంలో ఐదు వేల నుంచి పది వేలు. చిన్న మొత్తమేమీ కాదు. కానీ సెట్టు మీద ఎనిమిది వేలు ఎక్కువ పెట్టి కొనే ముందు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి.

దిగుడులో న్యూట్రల్ వేసే అలవాటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మైలేజీ కోసమే అలా చేస్తున్నామంటారు. ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉంచి, యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే ఇంజనుకి పెట్రోలు ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజను ఆరిపోకుండా ఉండటానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది, పైగా భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అలా దిగడం వల్ల పెట్రోలు మిగలదు, ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి మానెయ్యండి.

సైజు దగ్గర మొండితనం అవసరం

చాలా మైలేజీ పోయేది ఇక్కడే. మారుతీ స్విఫ్ట్‌కి 2018 తర్వాతి మోడళ్ళలో చవక రకానికి 165/80 ఆర్14, పై రకానికి 185/65 ఆర్15 కంపెనీయే వేసింది. మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ము అంగుళాలు. లెక్క కడితే మొదటి టైరు ఎత్తు 619.6, రెండోది 621.5 మిల్లీమీటర్లు. రిమ్ము మారినా ఎత్తు మారలేదు. సైజు మార్చడంలో పాటించాల్సిన అసలు సూత్రం ఇదే.

కొట్లో జరిగేది వేరు. "రోడ్లు బాలేవు, కింద తగులుతోంది" అనగానే 205/60 ఆర్16 చూపిస్తారు. దాని ఎత్తు 652. అంటే ఐదు శాతానికి పైగా ఎక్కువ. ఇంత చేసినా కారు నేల నుంచి లేచేది ఎత్తు తేడాలో సగం, పదహారు మిల్లీమీటర్లు, చిటికెన వేలి మందమంత. దానికి బదులుగా పోయేది చూడండి. గేర్లన్నీ ఐదు శాతం బరువెక్కినట్టవుతాయి. మూడో గేరులో ఎక్కే మలుపు రెండో గేరులో ఎక్కాల్సి వస్తుంది. మీటరు ఎనభై చూపిస్తే అసలు వేగం ఎనభై నాలుగు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్‌కి టైరు ఒరుసుకుంటుంది. పైగా మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది కాబట్టి, నిజంగా పడిపోయిన మైలేజీకి ఇంకో ఐదు శాతం పడిపోయినట్టు కనబడుతుంది. ఆ మనిషికి తల తిరగడంలో వింత లేదు.

వెడల్పు మాటకొస్తే, ఒక సందేహం న్యాయమైనదే. వెడల్పు పెరిగితే దొర్లుడు నిరోధం పెరిగి తీరాలని లేదు. టైరు నేలకి ఆనే చోటు వైశాల్యాన్ని ఎక్కువగా నిర్ణయించేది లోపలి గాలి. వెడల్పు పెరిగితే ఆ ముద్ర అడ్డంగా సాగి, పొడుగు తగ్గుతుంది. ఒకే కంపెనీ, ఒకే రకం టైరులో పది మిల్లీమీటర్ల వెడల్పు తేడా కొలతకి దొరకనంత చిన్నది కావచ్చు. కానీ వెడల్పు టైరు బరువెక్కువ, గాలికి ఎదురు నిలబడేది ఎక్కువ, ఆ సైజుల్లో దొరికే రకాలు సాధారణంగా పట్టు కోసం చేసిన మెత్తటి రబ్బరువి. అన్నీ కలిసి నష్టం అవుతుంది.

నన్నడిగితే పదిహేనంగుళాల పై రకం కారున్నవాళ్ళు, అదే మోడలు చవక రకానికి కంపెనీ పధ్నాలుగంగుళాలు ఇచ్చి ఉంటే, టైర్లు మార్చే వేళ కిందికి దిగడం గురించి ఆలోచించాలి. టైరు ధర తక్కువ, బరువు తక్కువ, పక్క గోడ ఎత్తు ఎక్కువ. ఖనిజం లారీలు తొక్కి తొక్కి అంచులు విరిగిన గోతుల్లో ఆ ఎత్తు రిమ్ముని కాపాడుతుంది. అయితే రెండు విషయాలు చూసుకోవాలి. పై రకానికి ముందు డిస్కు పెద్దది వేసి ఉంటే చిన్న రిమ్ము బ్రేకుకి తగులుతుంది, కాబట్టి ఒక్క రిమ్ము వేసి చేత్తో తిప్పి చూశాకే కొనాలి. తర్వాత లోడు అంకె. 85 అంటే ఒక్కో టైరు మోసేది 515 కిలోలు, 88 అంటే 560. మీ కారు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకెకన్నా తక్కువది వెయ్యకూడదు.

అల్లాయ్ తేలికన్న నమ్మకం

అల్లాయ్, అంటే అల్యూమినియం మిశ్రమంతో చేసిన రిమ్ము, తేలికని అందరి నమ్మకం. కంపెనీ వేసిన మంచి అల్లాయ్ విషయంలో అది కొంతవరకు నిజం. బయట కొనే చవక రకం పోత అల్లాయ్, అందులోనూ పదహారంగుళాలది, పధ్నాలుగంగుళాల ఇనుప రిమ్ముకన్నా తరచూ బరువే. దాని మీదికి పెద్ద టైరు కూడా కలిస్తే చక్రానికి మూడు కిలోలు పెరగడం కష్టం కాదు. నాలుగింటికి పన్నెండు. చక్రం అంచున ఉన్న బరువు ముందుకి కదలడమే కాక తిరగాలి కూడా, కాబట్టి వేగం అందుకునేటప్పుడు దాదాపు రెండింతలుగా లెక్కకొస్తుంది. డిక్కీలో పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టుకుని తిరుగుతున్నట్టు. ఊళ్ళో ఆగుతూ పోతూ ఉంటే అది తెలుస్తుంది. ఒకే వేగంతో సాగే రోడ్డులో తెలియదు. కొనేముందు తూకం అడగండి. కొట్టువాడికి తెలియకపోతే పక్క కొట్లో కాటా ఉంటుంది.

ఇంకో సంగతి రిపేరుది. గోతిలో పడి వంగిన ఇనుప రిమ్ముని గుణుపురంలో అయినా సుత్తితో సాపు చేసి బ్యాలెన్స్ చేయించుకోవచ్చు. చీలిన అల్లాయ్‌ని మాత్రం వెల్డింగు పెట్టించి ఘాటీ ఎక్కొద్దు, మార్చెయ్యండి.

తడి రోడ్డు దగ్గర రాజీ పడకూడదు

ఇదే నేను ఎక్కువ ఆలోచించిన చోటు. దొర్లుడు నిరోధం తగ్గాలంటే రబ్బరు నలిగినప్పుడు శక్తి తక్కువ తినాలి. తడి రోడ్డు మీద పట్టు కావాలంటే అదే రబ్బరు ఎక్కువ తినాలి. ఈ ముడి విప్పింది సిలికా, ఇసుకలో ఉండే పదార్థమే. 1992లో మిషలిన్ కంపెనీ, టైరు రబ్బరులో కలిపే నల్ల పొడి కార్బన్ బ్లాక్‌లో చాలా భాగం తీసేసి సిలికా కలిపిన టైరుని బజారులోకి తెచ్చింది. దాంతో దొర్లుడు తగ్గినా తడి పట్టు నిలిచింది. ఇప్పటి మంచి టైర్లన్నీ ఆ దారిలోవే. కాబట్టి "మైలేజీ టైరు జారుతుంది" అన్న పాత మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. అయితే పూర్తిగా అబద్ధమూ కాదు. సిలికా ఖర్చు పెట్టకుండా గట్టి రబ్బరుతో దొర్లుడు తగ్గించిన చవక టైర్లు జారుతాయి.

తేడా తెలుసుకోవడమెలా? యూరప్‌లో అమ్మే ప్రతి కారు టైరు మీదా రెండు అక్షరాలు వేరువేరుగా ఉంటాయి, ఇంధనానికొకటి, తడి పట్టుకొకటి. 2021 మే నుంచి ఎ నుంచి ఇ దాకా ఐదు తరగతులు. ఇంధనంలో ఎ రావాలంటే టన్ను బరువుకి దొర్లుడు నిరోధం 6.5 కిలోలు మించకూడదు, 10.6, ఆపైన ఉంటే ఇ. మన దేశంలో బీఈఈ అనే కేంద్ర ఇంధన పొదుపు సంస్థ, ఫ్రిజ్‌లకి ఇచ్చినట్టే టైర్లకీ స్టార్లు ఇస్తోంది, కానీ అన్ని టైర్ల మీదా ఆ స్టిక్కరు కనబడదు. స్టిక్కరు లేనప్పుడు అదే రకం, అదే సైజు టైరు యూరప్‌లో అమ్ముతారేమో చూస్తే కొంత దారి దొరుకుతుంది. పేరు ఒకటే అయినా దేశానికో తయారీ ఉండొచ్చు కాబట్టి దాన్ని సూచనగానే తీసుకోవాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకులూ బురదా పేరుకున్న ఘాటీ మలుపుల్లో తిరిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: తడి పట్టు ముందు, పెట్రోలు తర్వాత. ఏడాదికి పాతిక లీటర్ల కోసం ఆగాల్సిన చోట పది అడుగులు ముందుకి జారడం ఎవరికీ అక్కర్లేదు.

చిన్న ఊళ్ళలో ఇంకో ముప్పు పాత సరుకు. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో ఇరవై మూడో వారంలో చేసింది. రెండు మూడేళ్ళు ఎండ తగిలే చోట పేర్చి ఉంచిన టైరు గట్టిపడుతుంది. అది మైలేజీ బాగానే ఇవ్వొచ్చు, అదే దానిలోని మోసం. గట్టిపడిన రబ్బరు తడిలో పట్టదు.

గాలి సంగతి

"ఎండాకాలం గాలి తగ్గించాలి, లేకపోతే పేలిపోతాది" అన్న మాట ఇంకా బతికే ఉంది. పేలేది గాలి తక్కువై, పక్క గోడ అదేపనిగా మడతపడి వేడెక్కిన టైరు. ఎండలో నడిచి వచ్చిన టైరు నాలుగైదు పీఎస్ఐ (గాలి ఒత్తిడికి కొలత) ఎక్కువ చూపించడం సహజం, అది చూసి గాలి తియ్యకూడదు. కంపెనీ స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకి, అంటే మూడు గంటలు నిలబడి ఉన్న బండికి.

మన దగ్గర దీనికి ఘాటీ మెలిక ఒకటి ఉంది. డిసెంబరు మధ్యాహ్నం సాలూరులో, 30 డిగ్రీల దగ్గర, నిలబడి ఉన్న బండికి 33 పట్టించారనుకోండి. మర్నాడు తెల్లారి పొట్టంగిలో 8 డిగ్రీల చలిలో చూస్తే అది 31 కూడా చూపించదు. ఎత్తు మీద వాతావరణ పీడనం తక్కువ కాబట్టి గేజీ ఒక పీఎస్ఐకి పైగా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని కలుపుకున్నాక వచ్చిన లెక్కే ఇది. ఒకవేళ బంకుకి నడుపుకుంటూ వచ్చి వేడి టైరుకి 33 పట్టించి ఉంటే, అసలు చల్లటి లెక్క 29, తెల్లారేసరికి 27. ఆరు పీఎస్ఐ లోటు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం సగటున ఒక్కో పీఎస్ఐకి సుమారు 0.2 శాతం పెట్రోలు, అంటే ఇక్కడ ఒక శాతం పైనే. పెట్రోలు కన్నా పెద్ద నష్టం ట్రెడ్డు అంచులు తినేయడం.

సొంత గేజీ ఒకటి కొనుక్కోండి. బంకుల గేజీల మధ్య రెండు మూడు పీఎస్ఐ తేడా మామూలు. పదిహేను రోజులకోసారి పొద్దున్నే బండి కదపకముందు చూడాలి. నైట్రోజన్‌కి డబ్బు పెట్టక్కర్లేదు, మామూలు గాలిలోనే 78 శాతం అదే. నలభై పెట్టి మైలేజీ లాగుదామనుకోవడం మాత్రం వద్దు. ట్రెడ్డు నడిమధ్య అరుగుతుంది, తడిలో ముద్ర చిన్నదవుతుంది.

గాలి సరిగ్గా ఉండీ మైలేజీ రాకపోతే అరచేతిని ట్రెడ్డు మీద అడ్డంగా లోపలికీ బయటికీ రాయండి. ఒకవైపు నున్నగా, తిరిగొచ్చేటప్పుడు రంపం పళ్ళలా గుచ్చుకుంటే అలైన్‌మెంట్ తప్పింది, అంటే చక్రాలు తిన్నగా లేవు, టైరు దొర్లుతూనే పక్కకి ఈడ్చుకుపోతోంది. తర్వాత వెనక చక్రాలు జాకీ మీద లేపి, హ్యాండ్‌బ్రేకు వదిలి చేత్తో తిప్పండి. రెండు మూడు చుట్లు తేలిగ్గా తిరగాలి. వానాకాలం తర్వాత డ్రమ్ము బ్రేకులు తుప్పుతో పట్టేసి ఉండటం ఇక్కడ చాలా మామూలు, దానికి ఏ టైరూ మందు కాదు.

సైజు మార్చుకునేవాళ్ళు తరచూ మరిచేది స్టెప్నీ. నాలుగు చక్రాలు 205/60 ఆర్16 చేయించి, డిక్కీలో పాత 165/80 ఆర్14ని అలాగే వదిలేస్తారు. రాత్రి ఘాటీలో ముందు చక్రం పంచరైతే ఆ చిన్న చక్రమే ముందు వేస్తారు. ఐదు శాతం ఎత్తు తేడా వల్ల డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలనీ వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) తిన్నటి రోడ్డులో కూడా తిరుగుతూనే ఉంటుంది, ఏబీఎస్ (బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లైటు వెలగొచ్చు, బ్రేకు కొడితే బండి పక్కకి లాగుతుంది. ముందు చక్రాలు లాగే కారైతే మొదట వెనక నుంచి మంచి చక్రం ఒకటి తీసి ముందుకి వెయ్యండి, స్టెప్నీని వెనక బిగించండి. గాలి చూసేటప్పుడు స్టెప్నీనీ చూడండి, స్టిక్కరు మీద నిండు బరువుకి చెప్పిన గాలి పెట్టి ఉంచండి.